బోర్డు మారినా సంతకం మీదే!

గేటు దగ్గర పాత పేరు తీసేసి కొత్త బోర్డు పెడతారు. మెడలో ఐడీ కార్డు మారుతుంది. ‘ఇకపై మనమంతా ఒకే కుటుంబం’ అంటూ కొత్త యాజమాన్యం నుంచి ఓ మెయిల్ వస్తుంది. క్యాంటీన్లో మాత్రం అందరిదీ ఒకే ప్రశ్న... ‘మన ఉద్యోగాలు ఉంటాయా?’

ఆ భయం సహజమే. కానీ అకౌంట్స్‌లోనో, క్వాలిటీ కంట్రోల్‌లోనో పనిచేసేవారికి నిద్రపట్టనివ్వని ప్రశ్న ఇంకొకటి ఉంటుంది. పాత యాజమాన్యం చెప్పిందని రాసిన తప్పుడు లెక్కల సంగతేంటి? కొత్తవాళ్లకు చెబితే ఉద్యోగం పోతుందేమో. చెప్పకపోతే రేపు మన మెడకే చుట్టుకుంటుందేమో!

‘మనకెందుకులే, కొన్నవాళ్లే చూసుకుంటారు’ అని చాలామంది సర్దుకుపోతారు. కానీ కొన్నవాళ్లకు అన్నీ తెలుస్తాయన్న హామీ ఏమీ లేదు. మందుల కంపెనీ రాన్‌బాక్సీ కథే అందుకు సాక్ష్యం.

అనుమతుల కోసం వివిధ దేశాలకు ఇచ్చిన పరీక్షల సమాచారాన్ని సరిచూసే పని 2004లో అక్కడి ఉద్యోగి దినేశ్ ఠాకూర్‌కు అప్పగించారు. చూస్తే... కల్పించిన ఫలితాలు! ఆ నివేదిక బోర్డు సభ్యుల దాకా వెళ్లింది. 2005లో ఠాకూర్ రాజీనామా చేసి, అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకు విషయం రాశారు.

2008లో జపాన్ సంస్థ దైచీ శాంక్యో రాన్‌బాక్సీని కొనేందుకు ఒప్పందం చేసుకుంది. ఆ నివేదిక సంగతి దానికి చెప్పనేలేదు. అదే ఏడాది సెప్టెంబరులో రెండు ప్లాంట్లలో తయారైన 30కి పైగా మందుల దిగుమతిని అమెరికా ఆపేసింది. 2013లో రాన్‌బాక్సీ అమెరికా విభాగం నేరం ఒప్పుకుంది. చెల్లించిన మొత్తం 50 కోట్ల డాలర్లు! నిజం దాచి అమ్మినందుకు పాత యజమానులు 2,500 కోట్ల రూపాయలకు పైగా పరిహారం కట్టాలని 2016లో సింగపూర్‌లోని మధ్యవర్తిత్వ ట్రైబ్యునల్ తీర్పిచ్చింది.

తప్పు జరిగినప్పుడు ఒక యజమాని, బయటపడేనాటికి మరొకరు. మధ్యలో నలిగేది ఉద్యోగులే.

ఆ నలుగుడు ఎలా ఉంటుందో మన హైదరాబాద్‌కు తెలుసు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ లెక్కల మోసం బయటపడింది. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా బిడ్ గెలుచుకుంది. కంపెనీ నిలబడింది, పేరు మారింది. కానీ కేసు ఆగలేదు. 2015 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు దోషులుగా తేల్చిన 10 మందిలో పెద్ద తలకాయలే కాదు, ఆర్థిక విభాగంలో పనిచేసిన మాజీ ఉద్యోగులూ ఉన్నారు. వారు అప్పీలుకు వెళ్లారు. అది వేరే సంగతి. ‘పైవాళ్లు చెప్పారు’ అన్న ఒక్క మాట మనల్ని గట్టెక్కిస్తుందనుకోలేం.

మరి ఏం చేయాలి?

ముందు భయాన్ని విడదీసి చూడండి. షేర్లు మాత్రమే చేతులు మారితే చట్టం దృష్టిలో మీ యజమాని అదే కంపెనీ. మీ సర్వీసు, గ్రాట్యుటీ లెక్క కొనసాగుతాయి. వ్యాపారాన్నే విడగొట్టి అమ్మితే మాత్రం పాత సర్వీసును లెక్కలోకి తీసుకుంటున్నట్టు కాగితం మీద రాయించుకోండి.

పాత తేదీ వేసి సంతకం పెట్టమంటే, ఆ మాట మెయిల్‌లో పంపమని మర్యాదగా అడగండి. సగం ఒత్తిళ్లు అక్కడే ఆగిపోతాయి.

తప్పు కళ్లబడితే ఏ రోజు, ఏ కాగితం, ఎవరు చెప్పారు అన్నది రాసిపెట్టుకోండి. చూసింది రాయండి, విన్నది కాదు. స్టాక్ మార్కెట్‌లో నమోదైన ప్రతి కంపెనీలోనూ ఉద్యోగులు ఇలాంటివి చెప్పుకునే ఏర్పాటు ఉండాలని, చెప్పినవారిని వేధించకూడదని 2013 కంపెనీల చట్టం 177వ సెక్షన్ అంటోంది. అవసరమైతే నేరుగా ఆడిట్ కమిటీ ఛైర్మన్‌కే చెప్పవచ్చు. కంపెనీ పత్రాలను వాట్సాప్‌లో తిప్పడం మాత్రం వద్దు. బయటివారికి ఫిర్యాదు చేసే ముందు లాయరును కలవండి.

ఇక ఇంట్లోవాళ్లకో మాట. ‘ఈఎంఐలున్నాయి, నోరు మూసుకుని పనిచేసుకో’ అనడం తేలిక. ఆ ఈఎంఐలు నిజమే. కానీ ఆ సంతకం కింద ఉండేది మీవాళ్ల పేరే. ఈసారి ఆఫీసు నుంచి ముఖం వేలాడేసుకుని వస్తే, జీతం గురించి కాకుండా ‘ఏం సంతకం పెట్టమన్నారు?’ అని అడిగి చూడండి.