అద్దాలు ఎవరిస్తారు?

మూడు నెలల కిందట ఒక ఆదివారం రాత్రి డల్లాస్ నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది. గొంతులో ఒకటే సంబరం. "అమ్మా, మా చర్చి నుంచి ఎనిమిది మందిమి కెన్యా వెళ్తున్నాం. పన్నెండు రోజులు పల్లెల్లో మెడికల్ క్యాంపు. నేనూ ఆయనా ఇద్దరం పేర్లిచ్చేశాం. బాబుని చూసుకోడానికి నువ్వు రావాలి" అంది.

మా అమ్మాయి నర్సు. మానని పుండ్లకు కట్లు కట్టే విభాగంలో తొమ్మిదేళ్లుగా పనిచేస్తోంది. అల్లుడిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మనవడికి నాలుగేళ్లు.

ఫోన్ పెట్టగానే మావారు అందుకున్నారు. "ఇక్కడ మన ఉద్దానానికే దిక్కు లేదు. అంత డబ్బు పోసి కెన్యా ఎల్లి ఏటి సేస్తారట?" మర్నాటికల్లా కబురు మా వీధి చివరిదాకా వెళ్లింది. పక్కింటి వదిన వచ్చి, "నాలుగేళ్ల గుంటడ్ని వదిలేసి తల్లి ఎలా ఎల్తాదమ్మా?" అంది.

ముందు వదిన మాటకి జవాబు చెప్పేస్తాను. మన తీరం నుంచి మగవాళ్లు చేపల వేటకని గుజరాత్‌లోని వీరావల్ దాకా వెళ్తారు. నెలల తరబడి అక్కడే ఉంటారు. ఇంట్లో చంటిపిల్లలుంటారు, ఒక్కోసారి భార్య నిండు నెలలతో ఉంటుంది. "తండ్రి ఎలా ఎల్లాడమ్మా" అని ఏ వీధిలోనూ ఎవరూ అడగరు. అది పొట్టకూటి కోసం కదా అంటారు, నిజమే. కానీ మా మనవడికీ తండ్రి ఉన్నాడు. అన్నం వండటం, పిల్లాడికి స్నానం చేయించడం వచ్చిన తండ్రి. పన్నెండు రోజులు తల్లి ఊళ్లో లేకపోతే పిల్లాడు బెంగపడతాడు, తర్వాత సర్దుకుంటాడు.

మావారి మాటకి మాత్రం జవాబు అంత తేలిగ్గా దొరకలేదు. ఎందుకంటే మా ఇంట్లో ఒక మనిషికి చూపు తిరిగొచ్చింది ఎక్కడో దూరదేశంలో ఉన్నవాళ్లు "మనకెందుకులే" అనుకోకపోవడం వల్లే.

మాది సోంపేట దగ్గర పల్లె. మా నాయనమ్మకి రెండు కళ్లకీ శుక్లాలు వచ్చాయి. నాకు ఊహ తెలిసేసరికి ఆవిడ గోడ పట్టుకుని నడిచేది. నన్ను దగ్గరికి పిలిచి, చేత్తో మొహం తడిమి, "ఇది పెద్దదా, చిన్నదా" అని అడిగేది. 1972లో సోంపేట ఆరోగ్యవరం ఆసుపత్రిలో ఆవిడకి ఆపరేషన్ చేశారు. అది కెనడా బాప్టిస్టు మిషను వాళ్లు నడిపిన ఆసుపత్రి. ఇప్పటిలా పొద్దున్న వెళ్లి సాయంత్రం రావడం కాదు. తల కదపకుండా రోజుల తరబడి పడుకోబెట్టేవారు. మా అమ్మ పక్కనే కూర్చుని గంజి పట్టేది.

ఆ రోజుల్లో కంట్లో కొత్త లెన్సు పెట్టేవారు కాదు. మసకబారిన దాన్ని తీసేసి పంపేవారు. అది తీసేస్తే వెలుతురు తెలుస్తుంది గానీ మనిషి ఆనవాలు పట్టదు. నెలన్నర పోయాక, కన్ను మానాక, పరీక్ష చేసి సోడాబుడ్డి అద్దాలు ఇచ్చేవారు. అప్పుడే చూపు. అద్దాలు పెట్టుకున్న రోజు నాయనమ్మ నన్ను పైనుంచి కిందకి చూసి "ఇంత నల్లగా ఉన్నావేటే!" అంది. మర్నాడు చేట ముందేసుకుని బియ్యంలో రాళ్లు ఏరింది. ఇంకో పదకొండేళ్లు ఏరింది.

ఆ ఆసుపత్రిలో పనిచేసిన కెనడా కంటి డాక్టరు బెన్ గల్లిసన్. 1963లో ఆయన కాల్గరీలో ఆర్ట్ జెంకిన్స్ అనే వ్యాపారితో, 25 డాలర్లుంటే ఇక్కడ ఒక మనిషికి చూపు వస్తుందని చెప్పారు. జెంకిన్స్ తనకి తెలిసినవాళ్ల దగ్గర డబ్బు పోగుచేయడం మొదలుపెట్టారు. అలా పుట్టిన సంస్థే ఆపరేషన్ ఐసైట్ యూనివర్సల్. ఈ రోజు అది కెన్యాలోనూ పనిచేస్తోంది. ఈ సంగతి చెప్తే మావారు కాసేపు మాట్లాడలేదు. "కాల్గరీలో ఆ రోజు ఎవరైనా మీలాగే, మన ఊళ్లోనే బీదవాళ్లున్నారు కదా, సోంపేట ఎందుకు అని ఉంటే?" అని అడిగాను.

అలాగని అమ్మాయికి వెంటనే "వెళ్లిరా తల్లీ" అనలేకపోయాను. ఆ రాత్రి నాకు తట్టింది ఒక్కటే. పన్నెండు రోజులకి వచ్చి వెళ్లిపోయే డాక్టర్లే మా నాయనమ్మ కన్ను కోసి ఉంటే, నెలన్నర తర్వాత అద్దాలు ఎవరిచ్చేవారు?

చూపు తెప్పించింది ఒక్క కత్తి కాదు. మర్నాడు కట్టు విప్పి చూసినవాళ్లు, చీము పడితే పరుగెత్తుకుని వెళ్లడానికి తలుపు తీసి ఉంచినవాళ్లు, "అమ్మా, తల కదపకు" అని తెలుగులో కసిరిన మన నర్సులు. వీళ్లందరూ అక్కడే ఉన్నారు. వాళ్లు అక్కడ ఉన్నారు కాబట్టే కాల్గరీ నుంచి వచ్చిన డాలరు పనికొచ్చింది.

రెండో సంగతి మా చిన్నాన్నది. ఆయనది కవిటి వైపు. కొబ్బరి తోటల్లో పని. కొన్నేళ్ల కిందట దూరం నుంచి వచ్చిన ఒక బృందం వాళ్ల ఊళ్లో ఒక్కరోజు వైద్య శిబిరం పెట్టింది. మోకాళ్ల నొప్పులంటే నెలకి సరిపడా నొప్పి మాత్రలు కవర్లో పోసి ఇచ్చారు. మంచి మాత్రలు, గుణం కనిపించింది. అయిపోయాక చిన్నాన్న ఆ ఖాళీ అట్ట చూపించి మందుల షాపులో కొనుక్కుంటూ పోయాడు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లలో ఉందో మనకి తెలుసు. రక్తంలో క్రియాటినిన్ ఎంతుందో చూడకుండా అక్కడ నొప్పి మాత్రలు ఇవ్వకూడదని మన పీహెచ్‌సీ నర్సుకి తెలుసు. విమానం దిగి వచ్చినవాళ్లకి తెలియలేదు. తెలిసినవాళ్లని వాళ్లు అడగలేదు. తర్వాత చిన్నాన్నకి కిడ్నీలు పాడయ్యాయి. ఆ మాత్రల వల్లే అని నేను అనను. ఆ మాత్రలు ఎన్నడూ తాకనివాళ్లకీ అక్కడ ఈ జబ్బు వచ్చింది. కానీ ఆ రోజు శిబిరంలో తీసిన ఫొటోల్లో చిన్నాన్న నవ్వుతూ ఉన్నాడు. ఆ ఫొటో తీసినవాళ్లకి తర్వాత జరిగింది ఎప్పటికీ తెలియదు. నా బాధ అదీ.

2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. అదేమీ అన్నిటికీ జవాబు కాదు. కానీ ఈ రోజు వెళ్లినవాళ్లు రేపు మళ్లీ వెళ్లడానికి ఒక తలుపు ఉంది. రోగికి కావాల్సింది అదే.

ఇవన్నీ అమ్మాయికి చెప్పి నాలుగు ప్రశ్నలు వేశాను. మిమ్మల్ని రమ్మన్నది అక్కడి ఆసుపత్రా, లేక మీరే వెళ్తామన్నారా? వైద్యం చేయడానికి అక్కడి కౌన్సిల్ అనుమతి తీసుకున్నారా? మీరు వచ్చేసిన మర్నాడు ఆ రోగిని ఎవరు చూస్తారు? మీ ఎనిమిది మందిలో అక్కడివాళ్లు చేయలేని పని చేసేవాళ్లు ఎందరు? ఇంకో మాట కూడా అన్నాను. ప్రార్థనలో కూర్చుంటేనే మందు చీటీ అన్నట్టు చేయకండి, రోగుల మొహాలు ఫేస్‌బుక్‌లో పెట్టకండి.

అమ్మాయికి కోపం వచ్చింది. "సేవ చేస్తామంటే నువ్వు కూడా లెక్కలడుగుతావా?" అని ఫోన్ పెట్టేసింది. నాలుగు రోజులు మాట్లాడలేదు. ఆ నాలుగు రోజులూ నాకు అన్నం సహించలేదు. పిల్ల మంచి పనికి అడ్డం పడ్డానేమోనని మోకాళ్ల మీద ఏడ్చాను కూడా.

ఐదో రోజు తనే చేసింది. అక్కడి ఆసుపత్రి మేట్రన్‌కి అవే ప్రశ్నలు రాసిందట. ఆవిడ జవాబు మర్యాదగానే ఉంది, సూటిగానూ ఉంది. మందులు పంచడానికి మనుషులు అక్కర్లేదు, మాకు నర్సులున్నారు. షుగరు రోగుల కాళ్ల పుండ్లకి కట్లు కట్టే పద్ధతి మా వాళ్లకి నేర్పగలిగితే ఒకరిద్దరు రండి. వచ్చే ఏడాది మళ్లీ వచ్చి వాళ్లు ఎలా చేస్తున్నారో చూడండి. మిగతావాళ్ల టికెట్టు డబ్బు పంపితే ఇంకో నర్సుని జీతానికి పెట్టుకుంటాం.

చర్చిలో పెద్ద గొడవే అయింది. ఏడాదంతా ఎదురుచూసినవాళ్లు నొచ్చుకున్నారు. చివరికి ఎనిమిది మంది ముగ్గురయ్యారు. మా అల్లుడు అప్పటికే కొత్త బూట్లు కొనుక్కున్నాడు పాపం. ఇప్పుడు ఆ బూట్లతోనే పిల్లాణ్ని పార్కుకి తీసుకెళ్తానంటున్నాడు. తన టికెట్టు డబ్బు ఆసుపత్రికి పంపేశాడు. నేను రానక్కర్లేదట.

అమ్మాయి వచ్చే నెల వెళ్తోంది. మలేరియా మాత్రలు మొదలుపెట్టమని, ఎల్లో ఫీవర్ టీకా కార్డు పాస్‌పోర్టులోనే ఉంచుకోమని చెప్పాను. అక్కడ తను ఒక్క పుండుకీ స్వయంగా కట్టు కట్టదట, పక్కన నిలబడి నేర్పుతుందట. "ఏంటోనమ్మా, ఏమీ చేయనట్టే ఉంటుంది" అంది. అలా అనిపించినా ఫరవాలేదన్నాను.

మన ఇళ్లలోనూ పిల్లలు ఇలాంటి ప్రయాణాలకి పేర్లిస్తున్నారు. వద్దనకండి. దూరంలో ఉన్నవాళ్ల బాధ మనది కాదనుకుంటే మా నాయనమ్మ గోడ పట్టుకునే పోయేది. కానీ ఎవరు వెళ్తున్నారు, ఎన్ని పెట్టెలు సర్దారు అని అడిగేముందు, వీళ్లు వచ్చేశాక అద్దాలు ఎవరిస్తారో అడగండి. దానికి జవాబు ఉంటే దీవించి పంపండి. లేకపోతే టికెట్టు డబ్బు, అక్కడ ఉండేవాళ్లకి పంపమనండి.