పొదుగు గట్టిపడేదాకా ఆగొద్దు

మన ప్రకృతి వ్యవసాయం మీటింగుల్లో ఈమధ్య ఒక మాట తరచుగా వింటున్నాను. "దేశీ ఆవుకు పొదుగువాపు రాదండీ, దాని రోగనిరోధక శక్తే చూసుకుంటుంది" అని. ఈ మాటతో నాకు పేచీ ఉంది. ఇందులో సగం నిజం ఉంది కాబట్టే ఇంకా పేచీ.

నిజమైన సగం ముందు చెప్తా. చన్ను చివరి రంధ్రం లోపల కెరాటిన్ అనే మైనం లాంటి పూత ఉంటుంది. చాలా క్రిములు అక్కడే చిక్కుకుంటాయి. అది దాటి పొదుగులోకి వెళ్తే, రక్తంలోని తెల్ల కణాలు పాలలోకి దిగి వాటిని మింగేస్తాయి. సోమాటిక్ సెల్ కౌంట్ అంటుంటారు కదా, పొదుగుకు జబ్బు చేసినప్పుడు అందులో ఎక్కువ భాగం ఈ కణాలే. మిల్లీలీటరు పాలలో 2 లక్షలు దాటితే లోపల పోరాటం నడుస్తున్నట్టు లెక్క. అప్పటికి పాలు తెల్లగానే ఉంటాయి, పొదుగు మెత్తగానే ఉంటుంది. పాలు మాత్రం రోజురోజుకీ కాస్త కాస్త తగ్గుతాయి. మనం దాణా చాల్లేదేమో అనుకుంటాం.

ఇక రెండో సగం. ఈ శక్తి ఏడాది పొడుగునా ఒకేలా ఉండదు. ఈనడానికి రెండు మూడు వారాల ముందు మొదలై, ఈనాక రెండు మూడు వారాల దాకా బాగా పడిపోతుంది. పాలలోకి కాల్షియం ఒక్కసారిగా పోయేసరికి, చన్ను రంధ్రాన్ని మూసే కండరం కూడా సడలుతుంది. గిర్ అయినా ఒంగోలు అయినా హెచ్ఎఫ్ అయినా ఇంతే. దేశీ ఆవుకు తక్కువగా వస్తుందంటే ఒప్పుకుంటా. రాదంటే ఒప్పుకోను.

మా ఊళ్లో ఒకాయన గిర్ ఆవు ఈనిన నాలుగో రోజుకి పొదుగు రాయిలా అయింది, పాలు నీళ్లలా వచ్చాయి, మేత మానేసింది. ఇంగ్లీషు మందు వద్దని మూడు రోజులు పసుపు పూతతోనే నెట్టుకొచ్చాడు. ఆవు పడుకున్నది మళ్లీ లేవలేదు. పేడలో ఉండే ఈ-కొలై లాంటి క్రిమి చచ్చేటప్పుడు వదిలే విషం రక్తంలోకి ఎక్కితే గంటల లెక్కే, రోజుల లెక్క కాదు.

పూత పనికిరాదని నేననను. కలబంద 250 గ్రాములు, పసుపు 50, సున్నం 15 కలిపి నూరి, పాలన్నీ పిండేసి కడిగాక రోజుకు ఎనిమిది పది సార్లు పూయడం మేమూ చేస్తాం. మొదట్లోనే పట్టుకుంటే బాగా పనిచేస్తుంది. ఆ "మొదట్లోనే" అన్నదే అసలు కిటుకు. అందుకే 15 రోజులకోసారి సబ్బుపొడి పరీక్ష చేస్తాను. 100 మి.లీ. నీళ్లలో 3 గ్రాముల బట్టల సబ్బుపొడి కలిపి, ఒక్కో చన్ను పాలకు విడివిడిగా సమానంగా పోసి తిప్పడమే. జిగురులా చిక్కబడితే ఆ చన్నులో తేడా ఉన్నట్టే. వీడియోలో నాలుగు గిన్నెలతో చేసి చూపించాను, ఎడమ వెనక చన్ను గిన్నె చూడండి.

ఇంకోటి. మనవాళ్లకు పేడ, మూత్రం మీద భక్తి కాస్త ఎక్కువ, జీవామృతానికి కావాలని కొట్టంలోనే కుప్ప పెట్టేస్తారు. ఆవు పడుకునే చోటు మాత్రం పొడిగా ఉండాలి. పాలు పిండాక చన్ను రంధ్రం మూసుకోవడానికి కనీసం అరగంట పడుతుంది, అందుకే మేత అప్పుడే వేయండి, నిలబడి తింటుంది. చూడి ఆవుకు ఖనిజ లవణ మిశ్రమం మానొద్దు.

జ్వరం వచ్చినా, మేత మానేసినా, పాలలో నెత్తురు గానీ నీళ్లు గానీ కనిపించినా పూత పక్కనపెట్టి పశువుల డాక్టరుకు ఫోన్ చేయండి. ఆయన యాంటీబయాటిక్ అంటే వేయించండి, కోర్సు సగంలో ఆపొద్దు. సగంలో ఆపితే బతికిన క్రిములు మందుకు లొంగకుండా తయారవుతాయి. మందు డబ్బా మీద రాసిన రోజులు అయ్యేదాకా ఆ పాలు కేంద్రానికి గానీ ఇంట్లో పిల్లలకు గానీ పోయొద్దు. మందు కొంత పేడలోకీ, మూత్రంలోకీ వస్తుంది. అవి జీవామృతం డ్రమ్ములో కలిస్తే మనం పెంచుకునే సూక్ష్మజీవులకే దెబ్బ. అన్ని రోజులూ ఆ ఆవు పేడ వేరే గుంతలో వేయండి.