చిగుళ్లు చూపించుకున్నారా?

షుగరున్నవాళ్లను పరీక్షల గురించి అడిగి చూడండి, గడగడా చెప్పేస్తారు. పరగడుపున ఎంత, తిన్నాక ఎంత, మూడు నెలల సగటు ఎంత... అన్నీ నోటికొచ్చి ఉంటాయి. కళ్లు చూపించుకున్నాం, కిడ్నీ పరీక్ష అయింది, పాదాలు రోజూ చూసుకుంటున్నాం అంటారు. ‘మరి చిగుళ్లో?’ అంటే మాత్రం ఒక్క క్షణం ఆగి, ‘పళ్లేమీ నొప్పి లేవు డాక్టరుగారూ’ అంటారు.

చిక్కంతా అక్కడే ఉంది. పన్ను పుచ్చితే రాత్రంతా నిద్ర పట్టనివ్వదు, తెల్లారేసరికి ఆస్పత్రికి పరుగెత్తిస్తుంది. చిగుళ్ల జబ్బు అలా కాదు. ఏళ్ల తరబడి చప్పుడు చేయదు. బ్రష్షు మీద కాస్త ఎరుపు, నోట్లో వాసన, పళ్ల సందుల్లో కూర పీచు ఇరుక్కోవడం, చిగురు తరిగి పన్ను పొడుగ్గా కనిపించడం, ఇంతే దాని ఆనవాళ్లు. పన్ను కదిలి నమలడం కష్టమయ్యేసరికి దాన్ని పట్టి ఉంచే ఎముక చాలావరకు కరిగిపోయి ఉంటుంది. పోయిన ఎముక దానంతటది తిరిగి రాదు.

షుగరు వల్ల కళ్లు, కిడ్నీలు, నరాలు, గుండె రక్తనాళాలు దెబ్బతింటాయనీ, పుండ్లు త్వరగా మానవనీ అందరికీ తెలుసు. ‘డయాబెటిస్ కేర్’ అనే వైద్య పత్రికలో 1993లో వచ్చిన ఒక వ్యాసం ఈ అయిదింటి పక్కన చిగుళ్ల జబ్బును ఆరోదిగా చేర్చింది. రక్తంలో చక్కెర ఎక్కువ కాలం ఎక్కువగా ఉంటే చిగుళ్లలోని సన్నటి రక్తనాళాలు మందమవుతాయి. సూక్ష్మజీవులతో పోరాడాల్సిన తెల్ల రక్తకణాలు మందకొడిగా పనిచేస్తాయి. కొందరికి లాలాజలం తగ్గి నోరు ఎండిపోతుంది. మామూలు మనిషి నోట్లో చిన్న వాపుతో పోయే పాచి వీళ్ల నోట్లో ఎముక దాకా పోతుంది.

ఇక చాలామందికి తెలియని సంగతి రెండోది. షుగరు చిగుళ్లను పాడుచేసినట్టే, పాడైన చిగుళ్లు షుగరును పెంచుతాయి. కాలి మీద రూపాయి బిళ్లంత పుండు పడితే కంగారుపడతాం. జబ్బు ముదిరినప్పుడు అన్ని పళ్ల చుట్టూ చిగురు లోపల ఉండే పుండంతా కలిపితే అంతకంటే పెద్దదే అవుతుంది. కంటికి కనపడదంతే. అక్కణ్నుంచి వాపుకు సంబంధించిన పదార్థాలు రక్తంలో కలిసి ఇన్సులిన్ పనికి అడ్డుపడతాయి. మందులు వేసుకుంటూ, పథ్యం చేస్తూ కూడా ‘షుగరు దిగడం లేదు’ అని బాధపడేవాళ్లు ఒకసారి నోరు కూడా చూపించుకోవడం మంచిది. వైద్య పరిశోధనలన్నిటినీ కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2022లో ఈ విషయాన్ని పరిశీలించింది. చిగుళ్లకు చికిత్స చేశాక మూడు నాలుగు నెలల్లో హెచ్‌బీఏ1సీ సగటున 0.4 శాతం పాయింట్ల మేర తగ్గినట్టు తేల్చింది. అంకె చిన్నదిగా అనిపించవచ్చు, కానీ మందులకు తోడుగా ఆ మాత్రం దిగడం తక్కువేమీ కాదు. అలాగని చిగుళ్లు శుభ్రం చేయించుకున్నాం కదా అని షుగరు బిళ్లలు మానేయకండి!

ఒక రిటైరైన మాస్టారిని ఆయన భార్య తీసుకొచ్చారు. ‘వైద్యులు జొన్నరొట్టె తినమన్నారండీ, ఈయన నమలలేకపోతున్నారు. అందుకని అన్నమే మెత్తగా వండి, చారు పోసి పెడుతున్నా’ అన్నారావిడ. కింది పళ్లు నాలుగు కదులుతున్నాయి. ఆయన జామకాయ, క్యారెట్ మానేసి ఎన్నాళ్లయిందో ఇద్దరికీ గుర్తులేదు. నమలలేనివాళ్లు మెత్తటి అన్నం, ఇడ్లీ, బిస్కెట్ల వైపు జారుకుంటారు, అవి షుగరును ఇంకా ఎగదోస్తాయి. రెండు పళ్లు తీయక తప్పలేదు. మిగిలినవి నిలబడ్డాయి.

ఆయన అంతకుముందెందుకు రాలేదో చెప్పనా? రక్తం కారుతోందని బ్రష్షు మానేసి వేలితో పళ్లపొడి రుద్దుకున్నారు. గార తీయిస్తే పళ్లు వదులవుతాయని ఎవరో చెబితే నమ్మారు. రెండూ తలకిందుల సలహాలే. రక్తం కారేది పాచి పేరుకున్న చోటే. అక్కడ మెత్తటి బ్రష్షుతో ఇంకాస్త శ్రద్ధగా తోమాలి. జబ్బు తొలిదశలో ఉంటే వారం పదిరోజుల్లో రక్తం తగ్గుముఖం పడుతుంది. తగ్గకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. ఇక గార పన్నును వదులు చేసే సరుకే తప్ప పట్టి ఉంచే సిమెంటు కాదు. అది తీశాక వాపు దిగి చిగురు బిగుసుకుంటుంది, అప్పటిదాకా గార కింద దాగిన సందు బయటపడుతుంది. జనం దాన్నే ‘పళ్లు వదులయ్యాయి’ అంటారు.

చుట్ట, బీడీ, సిగరెట్ తాగేవాళ్లకు ఇంకో మోసం ఉంది. పొగాకు రక్తనాళాలను బిగించేస్తుంది గనుక లోపల జబ్బున్నా రక్తం కనపడదు. ‘నాకు చిగుళ్లు గట్టివండీ’ అని చెప్పేవాళ్లలో కొందరు ఈ కోవలోకే వస్తారు. బీపీకి వాడే అమ్లోడిపిన్ లాంటి మందులతో కొందరికి చిగుళ్లు ఉబ్బి పళ్ల మీదికి పెరుగుతాయి. అలా జరిగితే మందును మీ అంతట మీరు ఆపకుండా రాసిచ్చిన డాక్టరుకు చెప్పండి.

పొద్దునా, రాత్రి పడుకునే ముందూ రెండేసి నిమిషాలు తోమాలి. బ్రష్షు కుచ్చు చిగురూ పన్నూ కలిసే గీత మీద కాస్త ఏటవాలుగా ఆనాలి. మన ఇళ్లలో రాత్రిపూట తోమే అలవాటు తక్కువ, కానీ షుగరున్న ఇంట్లో అది తప్పదు. పళ్ల సందుల్లోకి గుండుసూదులు, పిన్నీసులు పెట్టకండి, సన్నటి చిన్న బ్రష్షులు మందుల షాపుల్లో దొరుకుతాయి. పళ్ల సెట్టు ఉంటే రాత్రి తీసి కడిగి నీళ్లలో ఉంచండి.

దంతవైద్యుడి దగ్గరికి పొద్దున పూట, టిఫిను తిని, మందు ఎప్పటిలా వేసుకుని వెళ్లండి. షుగరు సంగతి, ఈమధ్య చేయించుకున్న రిపోర్టులు, రక్తం పలచబడటానికి వేసుకునే బిళ్లల పేర్లు ముందే చెప్పండి. మత్తు ఇంజెక్షన్ ఇస్తే పెదవి రెండు మూడు గంటలు మొద్దుబారుతుంది. నమిలితే పెదవి కొరుక్కుంటామని చాలామంది మధ్యాహ్నం భోజనం మానేస్తారు. ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ లాంటి బిళ్ల గానీ వేసుకున్నవాళ్లు ఇలా చేస్తే షుగరు పడిపోయి చెమటలు, వణుకు వస్తాయి. అందుకని ఆ పూటకు చల్లారిన రాగిజావో, పల్చటి పెరుగన్నమో సిద్ధంగా పెట్టుకోండి. జేబులో గ్లూకోజు పొడి పొట్లం ఒకటి వేసుకుని బయల్దేరండి.