పెట్టె సన్నగైంది.. మన హక్కు బక్కగైంది

మొన్న పాతబస్తీల శాలిబండ దిక్కు ఓ గల్లీల గేమ్ పార్లర్‌కు పోయిన. చిన్న రూము, రెండు టీవీలు, గోడకు గీతలు వడ్డ డిస్కుల వరుస. గంటకు ఇంత అని ఇచ్చి పోరగాళ్లు ఆడుకుంటున్నరు. పార్లర్ నడిపే తమ్ముడు ఒక్కటే మాట అడిగిండు: "అన్నా, కొత్త మోడల్ తెద్దామంటే అండ్ల డిస్క్ వెట్టే జాగనే లేదు. గీ డిస్కులన్నీ ఏం జేసుకోవాలె?"

గప్పుడు నా దగ్గర జవాబు లేకుండె. ఇంటికొచ్చి లెక్క తీసిన. "గేములే గదన్నా, గిది గూడ సమస్యనా?" అనకుండ్రి. ఆఖరిదాక సదువుండ్రి.

ప్లేస్టేషన్ 5 మన దేశంల 2021 ఫిబ్రవరిల దిగింది. గప్పుడు డిస్క్ ఉన్నది 49,990 రూపాయలు, లేనిది 39,990 ఉండె. పది వేలు మిగిలినయని సంబురపడతం. కని పెద్ద గేము కొత్తది కొంటే గప్పుడు 4,999 ఉండె. డిస్క్ అయితే ఆడినంక సగం ధరకన్న అమ్ముకోవచ్చు. నాలుగు డిస్కులు అమ్మితే గా పది వేలు ఎనక్కొచ్చినట్టే. డిస్క్ లేకుంటే? గేము నీ అకౌంట్ల పడి ఉంటది. అమ్మరాదు, దోస్తు చేతిల వెట్టరాదు. అంటే నువ్వు కొన్నది గేము గాదు, ఆడుకునేటందుకు పర్మిషన్.

ఇగ డౌన్‌లోడ్ సంగతి. పెద్ద గేము 100 జీబీ దాక ఉంటది. ఊర్ల మనకు ఫోన్ల రోజుకు 2 జీబీ డేటా. వాట్సాప్ గూడ బంద్ వెట్టి మొత్తం దానికే పోసినా 50 రోజులు వడ్తది. నెట్ మంచిగ లేనోనికే డిస్క్ ఎక్కువ అక్కెర. తీసేసింది గూడ దాన్నే.

గిది ఇయ్యాల మొదలైన ముచ్చట గాదు. 2006ల వచ్చిన మొదటి ప్లేస్టేషన్ 3ల పాత ప్లేస్టేషన్ 2 గేములు గూడ నడిచేటివి. 2007 ఆఖరుకు 40 జీబీ మోడల్ తెచ్చి గా సౌలత్ తీసేసిన్రు. దాని దెబ్బ మన హైదరాబాద్‌కు గూడ తాకింది. 2009ల మన హైదరాబాద్ కంపెనీ అరోనా టెక్నాలజీస్ 'హనుమాన్: బాయ్ వారియర్' అనే గేము ప్లేస్టేషన్ 2 కోసం చేసింది. అదే ఏడు సన్నటి ప్లేస్టేషన్ 3 వచ్చింది. మనోళ్లు చేసిన గేము డిస్క్ గా కొత్త పెట్టెల నడువది!

ఇంకోటి ఇనుండ్రి. ప్లేస్టేషన్ 3ల లినక్స్ ఎక్కించుకునే సౌలత్ ఉండె. 2009 సన్న మోడల్ల అది తీసేసిన్రు. 2010 ఏప్రిల్ 1న అప్‌డేట్ ఇడిసి, జనం అప్పటికే కొనుక్కున్న పాత పెట్టెలల్ల గూడ తీసేసిన్రు. సెక్యూరిటీ కోసం అన్నరు. అప్‌డేట్ వద్దంటే ఆన్‌లైన్ల ఆడనియ్యలే. పైసలు కట్టి ఇంటికి తెచ్చుకున్న సామాన్ల నుంచి గుంజుకునుడు అంటే గిదే. అమెరికాల జనం కోర్టుకు పోతే, ఏండ్ల కొద్ది నడిచినంక కంపెనీ రాజీకొచ్చి పరిహారం ఒప్పుకున్నది.

కంపెనీల మాట గూడ ఇందాం. డిస్క్ డ్రైవ్ తీసేస్తే ధర తగ్గుతది, పెట్టె చిన్నగైతది, మస్తుమంది ఇప్పుడు డౌన్‌లోడే చేస్తున్నరు అంటరు. నిజమే. కని 2024 నవంబర్ల వచ్చిన ప్లేస్టేషన్ 5 ప్రో చూడుండ్రి. వచ్చినప్పుడు అమెరికాల ధర 700 డాలర్లు ఉండె, అయినా డిస్క్ డ్రైవ్ లేదు. గక్కడ ధర తగ్గించెటందుకు తీసినమంటే ఎట్ల నమ్మాలె?

అసలు మతలబు ఏందంటే, ఒక డిస్క్ పది ఇండ్లు తిరిగినా కంపెనీకి పైసలొచ్చేది ఒక్కపారే. పాతబస్తీ పేదోని బతుకు సెకండ్ హ్యాండ్ మీదనే నడుస్తది. జుమ్మేరాత్ బజార్ల ఒగలు ఇడిసిన సామాను ఇంకొగలకు అక్కెరకొస్తది. మన ఊర్ల గూడ పాత మోటరు, పాత ట్రాక్టర్ గట్లనే చేతులు మారుతయి. డిస్క్ తీసేసుడంటే గా సెకండ్ హ్యాండ్ దారి మూసుడు.

అడిగితే అయితదా? అయితది. 2013ల ఎక్స్‌బాక్స్ వన్ వచ్చే ముంగట, రోజుకొక్కపారన్న నెట్‌కు కలపాలె, పాత డిస్కులు అమ్ముకునుడు మీద షరతులుంటయి అన్నరు. జనం గరమైన్రు. జూన్ 19న మైక్రోసాఫ్ట్ ఎనక్కి తగ్గింది. 2021ల సోనీ ప్లేస్టేషన్ 3 ఆన్‌లైన్ స్టోర్ మూసేస్తమని చెప్పి, గొడవైతే నెల తిరగకముందే మాట మార్చుకున్నది.

మన కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబర్ల రైట్ టు రిపేర్ పోర్టల్ తెచ్చింది. అండ్ల వ్యవసాయ పనిముట్లు, ఫోన్లు-ఎలక్ట్రానిక్స్, ఇంటి సామాన్లు, బండ్లు ఉన్నయి. గది మంచిదే, కని రిపేర్ కాడనే ఆగొద్దు. కొత్త మోడల్ల ఏం తీసేసిన్రో డబ్బా మీద పెద్దక్షరాలల్ల రాయాలె. అమ్మినంక అప్‌డేట్ పేరు మీద సౌలత్ గుంజుకుంటే పైసలు ఎనక్కియ్యాలె. డౌన్‌లోడ్ గేము గూడ ఇంకొగలకు అమ్ముకునే హక్కు ఉండాలె.

తమ్ముళ్లు, చెల్లెండ్లు.. గేమ్ పెట్టెనే గాదు, ఫోన్ కొన్నా గిదే లెక్క. హెడ్‌ఫోన్ రంధ్రం పోయింది, మెమరీ కార్డు జాగ పోయింది, డబ్బాల ఛార్జర్ పోయింది. కొనేముందు ఏం కొత్తగొచ్చిందో చూస్తరు గదా, ఏం తీసేసిన్రో గూడ చూడుండ్రి. చెప్పింది ఒకటి, ఇచ్చింది ఒకటి అయితే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ కొట్టుండ్రి.

పార్లర్ తమ్మునికి మాత్రం గిట్ల చెప్పిన: "ఉన్న పెట్టెను జాగ్రత్తగ కాపాడుకో. డిస్క్ నడవని డబ్బా ఎంత సన్నగున్నా తేకు."