ఓటు మనది, పద్దు ఎవరిది?

ఓటుకు వెయ్యి తీసుకున్నారని మన పేటల్ని ఎత్తిపొడవని రచ్చబండ ఉందా? నందిగామ, జగ్గయ్యపేటల్లో మిరప కోతకు పోయే ఆడకూతుళ్లు కూడా ఆ మాట పడుతున్నారు. తీసుకోవడం ఒప్పని మేము అనడం లేదు. మరి పంచినవాడికి ఆ డబ్బెక్కడిదని ఏ పెద్దమనిషీ అడగడేం?

పెద్ద పద్దు కొంత బయటపడింది. 2018లో మొదలైన ఎలక్టోరల్ బాండ్లలో ఎవరు ఎవరికెంత ఇచ్చారో జనానికి తెలియనక్కర్లేదన్నారు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఆ పథకాన్ని కొట్టేసింది. మార్చిలో లెక్కలొచ్చాయి. 2019 ఏప్రిల్ తర్వాతవే చూస్తే వైఎస్సార్ కాంగ్రెస్‌కు సుమారు 337 కోట్లు, తెలుగుదేశానికి 219 కోట్లు, బిజెపికి 6 వేల కోట్ల పైన. హైదరాబాదు కాంట్రాక్టు కంపెనీ మేఘా ఒక్కటే 966 కోట్ల బాండ్లు కొన్నది. మన ఊళ్లలో తలకాయలు పగలగొట్టుకునే రెండు జెండాలకీ బాండ్ల సొమ్ము అందింది. కోటి రూపాయల బాండు కొన్నవాడు దాతట, వెయ్యి తీసుకున్న కూలోడు అమ్ముడుపోయినవాడట! మనువు కూడా ఇలాగే తూచాడు.

మరి మనం గెలిపించినవాడు సభలో ఏం చేశాడు? నందిగామ 2009 నుంచి ఎస్సీ రిజర్వుడు, మనవాడే వెళతాడు. కానీ 1985 నాటి ఫిరాయింపుల చట్టంతో విప్ కాదని ఓటేస్తే సీటుకే ఎసరు. పైగా బిల్లులు ఎక్కువగా మూజువాణి ఓటుతో పోతాయి. అవునన్నదెవరో, నోరు మెదపనిదెవరో పేరుపేరునా రాసి ఉండదు. డివిజన్ జరిగితేనే పేర్లు రికార్డుకెక్కుతాయి. సబ్ ప్లాన్ నిధుల దగ్గర మనవాడు ఎటున్నాడంటే చూపించే కాగితం లేదు. 1932 పూనా ఒప్పందం ఉమ్మడి ఓటర్ల పద్ధతిని మన నెత్తిన పెట్టింది కదా, మన సీటు గెలవాలన్నా ఊరి ఓట్లు, పార్టీ టిక్కెట్టు, డబ్బున్నోడి జీపు కావాలి. ఈ సంగతి తెలిసీ మేము మనవాణ్ణి అడగకుండా వదలం. ప్రచారానికి పేటలోకొచ్చినప్పుడే అడగండి: సబ్ ప్లాన్ మీద డివిజన్ కోరతావా, లేదా?

ఇంకో పని. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు 40 లక్షలు దాటకూడదు. ఫలితమొచ్చిన 30 రోజుల్లో లెక్క జిల్లా ఎన్నికల అధికారికి, అంటే విజయవాడలో కలెక్టరుకు ఇవ్వాలి. పార్టీ ఎంతిచ్చింది, బయటివాళ్లు ఎవరెంత ఇచ్చారు అన్నదీ అందులో రాయాలి. ఒక్క రూపాయి రుసుము కడితే ఎవరైనా ఆ లెక్క చూడొచ్చు, నకలుకు నిర్ణయించిన రుసుము కట్టి నకలూ తీసుకోవచ్చు. వచ్చే ఎన్నిక ఫలితం తేలిన నెలకి ఊరికొకరు బస్సెక్కండి. నకలు తెచ్చి పేటలో చదివించండి. మన వీధిలో తిరిగిన జీపులెన్ని, లెక్కలో రాసినవెన్ని, చదువుకుంటున్న పిల్లల చేత సరిచూడించండి.