చుక్క లెక్క సరే, వాటా లెక్కేది?

కృష్ణమ్మ మన గడప పక్క నుంచే పారుతుంది. అయినా దేవరకొండ, మునుగోడు, అచ్చంపేట చెలకల్లో చాలావాటికి నేటికీ బోరే దిక్కు. అడుగున గ్రానైటు రాయి. ఆ రాతి పగుళ్లలో ఊరే నీరే ఆధారం. పాలమూరులో ఏడాదికి కురిసే వాన 600 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. ఇట్లాంటి నేల మీద బత్తాయి, మామిడి తోటలు పెంచిన రైతుది మామూలు తెగువ కాదు.

ఆ తెగువ ఖరీదు 2002–04 కరువులో తెలిసింది. ట్యాంకర్లతో నీళ్లు పోసినా చెట్లు బతకక, నల్లగొండ రైతులు తమ బత్తాయి తోటలను తామే నరుక్కున్నారు. ఉద్యమ రోజుల్లో ఊరూరా తిరిగినప్పుడు ఆ మొండి మోడుల గోస మేమెన్నోసార్లు విన్నాం.

2003 నవంబరులో ఉమ్మడి రాష్ట్రంలో సూక్ష్మ సేద్య పథకం మొదలైంది. తెలంగాణ వచ్చాక ఎస్సీ, ఎస్టీ రైతులకు నూరు శాతం, బీసీలకు, సన్న చిన్నకారు రైతులకు 90 శాతం సబ్సిడీ ప్రకటించారు. మంచిదే. కానీ పైపు పరిస్తేనే పని అయిపోదు. బత్తాయి మొదలుకు తడి తగిలితే బంక తెగులు పడుతుంది. మధ్యాహ్నం కొమ్మల నీడ ఎక్కడిదాకా పడుతుందో, ఆ అంచున డ్రిప్పర్లు ఉండాలి. నీళ్లు తాగే వేర్లు ఎక్కువగా అక్కడే ఉంటాయి. గంటకు 4 లీటర్లిచ్చే డ్రిప్పర్లు నాలుగు పెడితే చెట్టుకు గంటకు 16 లీటర్లు. పాదులో ఎండుటాకో, వేరుశనగ పొట్టో కప్పితే ఆ తడి నిలుస్తుంది. లేత మొక్క పక్కన కుండ పాతి నింపే పాత పద్ధతీ పనికొస్తుంది. మన ఉప్పు నీళ్లకు డ్రిప్పర్లు పూడుకుపోతాయి. వాటిని కడిగే పద్ధతి చెప్పే అధికారి ఊరికి రావాలి కదా!

అసలు చిక్కు వేరే ఉంది. డ్రిప్పుతో మిగిలిన నీటితో ఇంకో ఎకరం తోట వేస్తే భూమిలో మిగిలేదేమిటి? పక్క రైతు ఇంకా లోతుకు బోరు వేస్తాడు. పిందె నిలవాల్సిన మార్చిలో ఇద్దరి బోర్లూ వట్టిపోతాయి. పొదుపు చేసేది రైతు. భూమిని నింపాల్సింది సర్కారు. చెరువు నిండకుండా డ్రిప్పు ఒక్కటే తోటను కాపాడలేదు.

చెరువు నిండాలంటే కృష్ణా నీళ్లు రావాలి. ఉమ్మడి రాష్ట్రపు కృష్ణా పరీవాహకంలో మూడింట రెండు వంతులు మనదే. అయినా 2015 తాత్కాలిక సర్దుబాటులో 811 టీఎంసీల్లో మనకు దక్కింది 299. నల్లగొండకు నీళ్లు తేవాల్సిన శ్రీశైలం ఎడమగట్టు సొరంగం 2025 ఫిబ్రవరి 22న కూలి ఎనిమిది మందిని మింగింది.

చుక్క చుక్కకూ లెక్క చెప్పమని రైతును అడిగే పాలకులు ముందు టీఎంసీల లెక్క చెప్పాలి. పొదుపు పేరు చెప్పి వాటా మరిపిస్తే ఊరుకోం. వాటా వచ్చేదాకా పొదుపు వద్దనీ అనం. తోట బతకాలంటే రెండూ కావాలి!