ముప్పు లెక్క కట్టేది ఎవరు?

రోడ్డు వేస్తున్నారన్నా, రైలు కట్ట వెడల్పు చేస్తున్నారన్నా మనకు వెంటనే రెండు ప్రశ్నలు గుర్తొస్తాయి. భూమి ఎవరిది పోయింది? పరిహారం ఎంత ఇచ్చారు? ఆ రెండూ అడగవలసినవే. కానీ మూడో ప్రశ్న ఒకటుంది. దాన్ని స్త్రీల సంఘాలు దాదాపుగా అడగడం లేదు. ఆ పని సరిగ్గా జరుగుతోందో లేదో చూసేవాళ్ళు ఎవరు? ఏ చోట కళ్ళు పెద్దవి చేసుకుని చూడాలి, ఏ చోట పైపైన చూసినా ఫరవాలేదు అని నిర్ణయించింది ఎవరు?

ఇది ఇంజనీర్ల గొడవ, మనకెందుకు అనుకోవద్దు. నిజామాబాద్ జిల్లా ఇందల్వాయి సంగతే తీసుకుందాం. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి పోయే 44వ నంబరు జాతీయ రహదారి (పాతవాళ్ళ నోట్లో ఇప్పటికీ అది 7వ నంబరే) ఇక్కడి మీదుగా పోతుంది. టోల్ ప్లాజా కూడా ఇక్కడే వుంది. సికింద్రాబాద్–మన్మాడ్ రైలు మార్గంలో ఇందల్వాయి ఒక స్టేషను. ఆ మార్గంలో ముద్ఖేడ్ నుంచి మేడ్చల్ దాకా, అటు మహబూబ్‌నగర్ నుంచి డోన్ దాకా రెండో లైను వెయ్యడానికి కేంద్ర మంత్రివర్గం 2023 ఆగస్టులో ఒప్పుకుంది. మొత్తం 417 కిలోమీటర్ల పైచిలుకు, ఖర్చు 5,655 కోట్ల రూపాయలు. ఇంత డబ్బు మన వాకిట్లోంచి పోతుంటే దాని మీద అజమాయిషీ ఎలా వుంటుందో అడిగే హక్కు, బీడీలు చుట్టే ఆడమనిషికీ కైకిలికి పోయే ఆడమనిషికీ లేదా?

ప్రతి బోల్టునూ ప్రతి రోజూ చూడటానికి ఏ ప్రభుత్వం దగ్గరా అంతమంది మనుషులు లేరు. అందుకని పెద్ద రవాణా ప్రాజెక్టుల విషయంలో లోకమంతా ఒక పద్ధతికి వచ్చింది. ఏది చెడిపోయే అవకాశం ఎక్కువ, చెడిపోతే ఎంత నష్టం అని ముందే లెక్క వేసి, ముప్పు ఎక్కువున్న చోట ఎక్కువసార్లు, తక్కువున్న చోట తక్కువసార్లు తనిఖీ చెయ్యడం. అమెరికాలో కేంద్ర ప్రభుత్వం డబ్బిచ్చే పెద్ద మెట్రో, బస్సు ప్రాజెక్టుల మీద ఇలాగే బయటి ఇంజనీర్లను పెట్టి కనిపెడతారు. పద్ధతిలో తప్పేమీ లేదు. అంతా సమానంగా చూస్తామని చెప్పి ఏదీ చూడకపోవడం కన్నా ఇది నయం.

అసలు చిక్కు ఆ లెక్క వేసేటప్పుడు వస్తుంది. ముప్పు అంటే ఎవరికి ముప్పు? పెట్టుబడి పెట్టినవాడికి ఆలస్యం ముప్పు. ఖజానాకు ఖర్చు పెరగడం ముప్పు. కాంట్రాక్టరుకు భూమి చేతికి రాకపోవడం ముప్పు. ఇవన్నీ ప్రాజెక్టు కాగితాల్లో వరసగా కనిపిస్తాయి. కట్ట దాటి చేనుకు పోయే మనిషి ఏ వరసలో వుంది?

రైల్వే భాషలో ఆమె పేరు ‘ట్రెస్‌పాసర్’. అంటే దొంగదారిన చొరబడినది. 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ ప్రకారం ఆమె నేరస్తురాలు, జైలు శిక్షో జరిమానానో పడొచ్చు. ఆమె రైలు కింద పడితే అది రైలు ప్రమాదాల పట్టికలోకి రాదు. రైలు ఢీకొంటేనో, పట్టాలు తప్పితేనో ప్రమాదం. మనిషి చస్తే చొరబాటు! రైల్వే భద్రత మీద అనిల్ కకోద్కర్ అధ్యక్షతన వేసిన కమిటీ 2012లో ఇచ్చిన నివేదికలో, ఇలా పట్టాలు దాటుతూ ఏటా 15 వేల మంది దాకా చనిపోతున్నారని చెప్పి, దీన్ని ఊచకోత అనే మాటతోనే పేర్కొంది. రైల్వే బోర్డుకు లోబడని స్వతంత్ర భద్రతా సంస్థ వుండాలని కూడా సిఫారసు చేసింది. పదేళ్ళు దాటాయి. పట్టికలో పేరు లేని చావుకు తనిఖీలో చోటు ఎక్కడినుంచి వస్తుంది?

రెండో లైను పడితే ఈ ముప్పు ఇంకా పెరుగుతుంది. ఇన్నాళ్ళూ ఒక బండి పోయిందంటే దాటొచ్చు. రెండు లైన్లున్న చోట ఒక బండి పోయిందని అడుగు వేస్తే, దాని చాటున రెండో లైను మీద ఇంకోటి వస్తూ వుంటుంది. నెత్తిన గడ్డిమోపుతో వున్న మనిషికి పక్కకు తల తిప్పడం కూడా కష్టమే. ఇది చెప్పడానికి ఇంజనీరింగు డిగ్రీ అక్కర్లేదు. రోజూ దాటేవాళ్ళను అడిగితే చాలు. కానీ వాళ్ళను అడగవలసిన చోటే లేదు. 2006 పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ కింద పెద్ద గనికీ, పెద్ద ఫ్యాక్టరీకీ ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. రైలు మార్గాలు మాత్రం ఆ నోటిఫికేషన్ పరిధిలోనే లేవు.

ఇదే రైలు మార్గం మీద, మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర, 2014 జూలై 24న కాపలా లేని గేటు దాటుతున్న స్కూలు బస్సును నాందేడ్–సికింద్రాబాద్ ప్యాసింజరు ఢీకొట్టింది. పదహారు మందికి పైగా పిల్లలు చనిపోయారు. ఆ తల్లుల ఏడుపు ఎవరూ మర్చిపోలేదు. తర్వాత పని వేగం పెరిగింది. 2019 జనవరి నాటికి బ్రాడ్‌గేజి మీద కాపలా లేని గేట్లన్నీ తీసేశామని రైల్వే ప్రకటించింది. మంచి పని, కాదనను. అయితే గేటు తీసేసిన చాలా చోట్ల పట్టాల కింద నుంచి అండర్‌బ్రిడ్జి తవ్వారు. వాన పడితే అందులో నీళ్ళు నిలుస్తాయి. 2022 జూలైలో మహబూబ్‌నగర్ జిల్లాలో అలాంటి నీళ్ళలోనే స్కూలు బస్సు చిక్కుకుపోతే స్థానికులు పరుగెత్తి పిల్లల్ని బయటికి తీశారు. ఆఫీసు పట్టికలో మాత్రం ‘కాపలా లేని గేటు’ అన్న గడి ఎదురుగా సున్నా పడింది. ముప్పు పట్టాల మీద నుంచి పట్టాల కిందికి దిగింది, అంతే. నీళ్ళు నిలిచిన రోజున మోకాళ్ళ దాకా చీర ఎత్తుకుని నడిచేది ఎవరు, చుట్టూ తిరిగి పట్టాలు ఎక్కి మళ్ళీ ‘ట్రెస్‌పాసర్’ అయ్యేది ఎవరు? నిండు గర్భిణిని తీసుకుపోయే ఆటో ఎటు పోవాలి?

వాన సంగతి మనకు కొత్తగా ఎవరూ చెప్పనక్కర్లేదు. 2025 ఆగస్టు చివర్లో కామారెడ్డి జిల్లాలో కుంభవృష్టి కురిస్తే భిక్కనూరు, తలమడ్ల మధ్య పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి రైళ్ళు ఆగిపోయాయి. 44వ నంబరు రహదారి మీదా రాకపోకలు నిలిచాయి. ఒకే రోజు రెండు దారులూ తెగాయి. రెండో లైను కట్ట పోసేటప్పుడు వాగుల మీద మోరీలు ఎంత వెడల్పున పెడుతున్నారన్నది ఇక లెక్కల పుస్తకంలో చివరి పేజీ విషయం కాకూడదు.

ఇక బస్సు. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో స్త్రీలకు ఆర్టీసీ ప్రయాణం ఉచితం. 2025 జూలై నాటికి 200 కోట్ల ఉచిత ప్రయాణాలు జరిగాయని ప్రభుత్వం చెప్పింది. దీన్ని వెక్కిరించేవాళ్ళతో నాకు పేచీ వుంది. మొగుణ్ణి పది రూపాయలు అడగకుండా ఆస్పత్రికి పోగలగడం చిన్న సంగతి కాదు. అయితే ఎక్కేవాళ్ళు ఇంతగా పెరిగినప్పుడు బస్సులు, డ్రైవర్లు, బ్రేకుల తనిఖీ, స్టాపుల దగ్గర నిలబడే జాగా కూడా అదే లెక్కన పెరగాలి కదా? 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్ మీద నుంచి జగిత్యాల డిపో బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది స్త్రీలే. ఆ బస్సులో వందమంది దాకా వున్నారు. అప్పటికి ఉచిత ప్రయాణం లేదు. కాబట్టి కిక్కిరిసిన బస్సుకు కారణం ఆడవాళ్ళ ఉచితం అనేవాళ్ళు ఆ సంగతి గుర్తుంచుకోవాలి. 2025 నవంబరు 3న చేవెళ్ళ దగ్గర కంకర టిప్పరు తాండూరు బస్సును ఢీకొట్టి, ఆ కంకర మనుషుల మీద పడి 19 మంది పోయారు. ఆ రోడ్డు వెడల్పు చెయ్యడం అప్పటికి ఏళ్ళ తరబడి ఆగిపోయి వుంది. బస్సే లేని ఊళ్ళ కథ వేరు. 2018 మార్చిలో మన జిల్లాలోనే మెండోరా దగ్గర కిక్కిరిసిన ఆటో రోడ్డు పక్క బావిలో పడి స్త్రీలూ పిల్లలూ పదిమంది దాకా చనిపోయారు. గోడ లేని బావి రోడ్డు పక్కన వుందని తెలుసుకోవడానికి ఏ నిపుణుడు రావాలి?

నగరంలో కూడా ఇంతే. 2019 సెప్టెంబరులో హైదరాబాద్ అమీర్‌పేట మెట్రో స్టేషను కింద వానకు తలదాచుకున్న యువతి మీద పైనుంచి పెచ్చు ఊడి పడి ఆమె చనిపోయింది. ఆమె రైలు ఎక్కలేదు. 2006లో బోస్టన్ సొరంగంలో పైకప్పు పలక కారు మీద పడి ఒక స్త్రీ చనిపోతే, విచారణ చేసినవాళ్ళు నాసిరకం జిగురుతో పాటు, సొరంగాన్ని వేళకు తనిఖీ చేసే ఏర్పాటే చెయ్యకపోవడాన్ని కూడా తప్పు పట్టారు. అదే 2019 నవంబరు 27న శంషాబాద్ దగ్గర తొండుపల్లి టోల్ ప్లాజా పక్కన స్కూటీ ఆపుకున్న పశువుల డాక్టరుకు ఏం జరిగిందో ఈ పత్రిక పాఠకులకు చెప్పనక్కర్లేదు. ఆ తర్వాత చర్చ అంతా ఎన్‌కౌంటర్ చుట్టూ తిరిగింది. రాత్రిపూట లారీలు ఆగే చోటు, చీకటి, ఆడమనిషి బండి ఆపుకోవలసిన జాగా ఇవన్నీ ఆ రోడ్డు భద్రతలో భాగం అవునా కాదా అన్న ప్రశ్న వెనక్కు పోయింది. ఇందల్వాయి టోల్ ప్లాజా దగ్గర ఆ ప్రశ్న ఇప్పుడే అడగాలి. ఏదో జరిగాక కాదు.

చూసేవాడు ఎవరి కింద పని చేస్తున్నాడన్నది కూడా ముఖ్యమే. ఈ విషయంలో రైల్వేలో ఒక మంచి ఏర్పాటు వుంది. కొత్త లైను మీద ప్రయాణికుల బండి నడపాలంటే ముందు రైల్వే భద్రతా కమిషనర్ తనిఖీ కావాలి. ఆ కమిషనర్ రైల్వే శాఖ కింద వుండడు, పౌర విమానయాన శాఖ కింద వుంటాడు. పని చేసేవాడూ పరీక్ష పెట్టేవాడూ ఒకడే కాకూడదని 1941లోనే, తెల్లవాళ్ళ కాలంలోనే, విడదీశారు. కాకపోతే ఆయన చూపు ప్రధానంగా రైల్లో కూర్చునేవాళ్ళ మీద. రోడ్ల విషయంలో ఆ పాటి ఏర్పాటు కూడా లేదు. ప్రైవేటు కంపెనీలు కట్టి టోలు వసూలు చేసుకునే రహదారుల మీద ‘స్వతంత్ర ఇంజనీరు’ అని ఒకరుంటారు. నమూనా ఒప్పందం ప్రకారం ఆ ఇంజనీరు ఖర్చులో సగం భరించేది ఆ కంపెనీయే! ఇది ఎంతవరకు స్వతంత్రమో మీరే చెప్పండి.

మరి మనం చెయ్యగలిగింది ఏమిటి? ఉపాధి హామీలో సామాజిక తనిఖీ చేసి చూపించిన రాష్ట్రం మనది. కూలీలే మస్టర్ రోలు చదివించుకుని గ్రామసభలో నిలదీశారు. గ్రామ పంచాయతీల్లో సగం సీట్లు స్త్రీలవి. ఆ అనుభవాన్ని రోడ్డు మీదికీ, రైలు కట్ట మీదికీ తీసుకుపోవడానికి కొత్త చట్టం కోసం ఆగనక్కర్లేదు. ఇందల్వాయి చుట్టుపక్కల ఊళ్ళలో బీడీ కార్మికులు, కూలీలు, ఆశా వర్కర్లు, స్కూలు పిల్లల తల్లులు ఒక పూట కూర్చుని, తాము పట్టాలు ఎక్కడ దాటుతున్నారో, హైవే ఎక్కడ దాటుతున్నారో, ఏ మోరీ కింద నీళ్ళు నిలుస్తాయో, ఏ బస్టాపులో చీకటి పడ్డాక నిలబడలేకపోతున్నారో కాగితం మీద గీస్తే అదే మొదటి ముప్పు పటం. ఇంజనీరు దగ్గర వున్న పటంలో ఇది వుండదు. దాన్ని గ్రామసభ తీర్మానంగా చేసి, దక్షిణ మధ్య రైల్వేకూ జాతీయ రహదారుల సంస్థకూ కలెక్టరుకూ పంపాలి.

అదే రోజు సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు కూడా పెట్టాలి. పది రూపాయల ఫీజు, తెల్లకార్డు వున్నవాళ్ళకు అదీ లేదు. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. రెండో లైను కింద ఇందల్వాయి పరిధిలో ఎన్ని అండర్‌బ్రిడ్జిలు, వాటిలో నీళ్ళు బయటికి పోయే దారి ఏది, మోటారు చెడిపోతే ఎవరికి చెప్పాలి, పాదచారులకు మెట్ల వంతెన ఎక్కడ, ఈ హైవే మీద భద్రతా తనిఖీ చివరిసారి ఎప్పుడు జరిగింది, ఆ నివేదిక నకలు. ఇవి అడగాలి. పెద్దపల్లి–నిజామాబాద్ లైనుకు 1993లో పునాదిరాయి వేస్తే, ఆర్మూరు మీదుగా నిజామాబాద్ చేరేసరికి 2017 వచ్చింది. ఈసారి పని అంత నిదానంగా సాగకపోవచ్చు. కట్ట పోసి కాంక్రీటు గట్టిపడ్డాక అండర్‌బ్రిడ్జి ఎత్తు పెంచమంటే ఎవరూ పెంచరు. కాబట్టి దరఖాస్తు ఈ వానాకాలం లోపలే పోవాలి.